గవర్నర్ల దీవిలో కోరంగి వాళ్ళు

మారిషస్ చరిత్ర పుస్తకం ఏది తెరిచినా అందులో గవర్నర్ల జాబితా ఒకటి తప్పకుండా ఉంటుంది. మనం చిన్నప్పుడు క్లైవు, వారన్ హేస్టింగ్సు, కారన్‌వాలిసు అని వరసగా బట్టీపట్టినట్టే ఇక్కడి పిల్లలు లా బూర్దొనే, ఫార్కర్, గామ్, గోర్డన్, హెన్నెసీ అని బట్టీపడతారు. ఊళ్ళో చాలా వీధులకి వాళ్ళ పేర్లే ఉన్నాయి. పోర్ట్ లూయీ రేవు నించి ప్రభుత్వ భవనం దాకా వెళ్ళే తాటిచెట్ల బాటలో విగ్రహాలు కూడా వాళ్ళవే. మన దేశం నించి చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్ళి ఫోటోలు తీస్తాం. "ఎవరండీ ఈ దొరలంతా?" అని అడుగుతారు. చెప్పడం మొదలుపెడితే భోజనం వేళ దాటిపోతుంది. అందుకే ఒకసారి కుదురుగా కూర్చుని రాద్దామనిపించింది.

కాకినాడ దగ్గర పుట్టినవాణ్ణి. ఉద్యోగం కోసం ఈ దీవికొచ్చి పన్నెండేళ్ళు దాటింది. వచ్చిన కొత్తల్లో ఒక పెద్దాయన నన్ను పలకరిస్తూ "మీరు కోరంగీయా?" అనడిగాడు. కోరంగి మా ఊరికి బస్సులో అరగంట. మడ అడవి, ఉప్పుటేరు, ఆదివారం పడవ షికారుకొచ్చే జనం, నాకు తెలిసిన కోరంగి అంతే. ఈయనకి ఆ ఊరెలా తెలుసా అని ఆశ్చర్యపోయాను. ఆయన అడిగింది ఊరు కాదు, జాతి. ఒకప్పుడు కోరంగి రేవు నించి ఓడలెక్కి వచ్చినందుకు ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆ పేరే పడింది. బర్మాలోనూ మనవాళ్ళని అలాగే పిలిచేవారట. అప్పటినించీ గవర్నర్ల జాబితా చదివినప్పుడల్లా నాకొక అలవాటయింది. ఈ దొరగారి హయాంలో కోరంగి వాళ్ళు ఏమయ్యారు? ఆ ప్రశ్న పెట్టుకుని చదివితే జాబితా వేరేగా కనిపిస్తుంది.

మనుషులు లేని ఈ దీవిలో 1598లో డచ్చివాళ్ళు దిగారు. తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. డోడో పక్షిని రూపుమాపి, ఎబొనీ లాంటి విలువైన కలప నరుక్కుని, ఎలకలతోనూ తుఫాన్లతోనూ వేగలేక 1710లో ఖాళీచేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళొచ్చి "ఫ్రాన్సు దీవి" అన్నారు. చెప్పుకోదగ్గ మొదటి గవర్నరు మాహె ద లా బూర్దొనే. 1735లో వచ్చాడు. రేవు కట్టించాడు, ఆసుపత్రి కట్టించాడు, బ్రెజిల్ నించి కర్రపెండలం తెప్పించి నాటించాడు, చక్కెర బట్టీ పెట్టించాడు. ఇవాళ పోర్ట్ లూయీ ఊరంటూ ఉందంటే ఆయన చలవే. రాళ్ళు పేర్చడానికి, దూలాలు చెక్కడానికి పాండిచ్చేరి వైపు నించి మేస్త్రీలని, వడ్రంగుల్ని రప్పించాడు. అంటే కూలివాళ్ళ కంటే నూరేళ్ళ ముందే మన వైపు చేతిపనివాళ్ళు ఇక్కడికొచ్చారన్నమాట. అయితే ఆ రాళ్ళు మోసింది మొజాంబిక్ నించీ మడగాస్కర్ నించీ పట్టుకొచ్చిన బానిసలు. పారిపోయి అడవుల్లో దాక్కున్న బానిసల్ని వేటాడడానికి దళాలు ఏర్పాటుచేసిందీ ఆ గవర్నరే. విగ్రహం కింద ఈ సంగతి రాయలేదు.

లా బూర్దొనే మన తీరానికి కూడా వచ్చాడు. 1746 సెప్టెంబరులో ఇక్కడి నించే ఓడలు సిద్ధం చేసుకుని వెళ్ళి మద్రాసు కోటని ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి లాక్కున్నాడు. 11 లక్షల వరహాలు పుచ్చుకుని కోట తిరిగి ఇచ్చేస్తానని బేరం కుదుర్చుకున్నాడు. పాండిచ్చేరిలో ఉన్న డూప్లే అందుకు ఒప్పుకోలేదు. ఇద్దరు ఫ్రెంచి దొరల తగవు ఎలా ముదిరిందో ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో రాసుకున్నాడు. కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము అంకితమిచ్చింది ఈ పిళ్ళైకే. చివరికి లా బూర్దొనే స్వదేశం వెళ్తే లంచం తిన్నాడని బాస్టీలు జైల్లో పెట్టారు. మూడేళ్ళ తరవాత నిర్దోషి అన్నారు. బయటికొచ్చి రెండేళ్ళకే, 1753లో, పోయాడు. ఊరు కట్టినవాడికి దొరికిన మర్యాద అది.

ఫ్రెంచివాళ్ళలో ఆఖరి గవర్నరు షార్ల్ డెకేన్. నెపోలియన్ మనిషి. ఆస్ట్రేలియా చుట్టూ తిరిగి పటం గీసిన ఇంగ్లీషు నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ 1803లో ఓడ పాడై ఇక్కడ ఆగితే, గూఢచారి అనుకుని ఆరేళ్ళ పైన నిర్బంధంలో ఉంచాడు. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు గెలిచారు. ఆ గెలుపు పేరు పారిస్ విజయతోరణం మీద చెక్కి ఉంది. ఆ సంబరం మూణ్ణెల్లే. నవంబరు ఆఖర్లో ఇంగ్లీషు సైన్యం ఉత్తరపు ఒడ్డున దిగింది. అందులో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. ఆ రోజుల్లో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. డిసెంబరు 3న డెకేన్ లొంగిపోయాడు. కానీ ఒప్పందం గట్టిగా రాయించుకున్నాడు. దీవిలో ఉన్న ఫ్రెంచివాళ్ళ మతం, చట్టాలు, ఆచారాలు అలాగే ఉండాలన్నాడు. ఇంగ్లీషువాళ్ళు సరేనన్నారు.

ఈ ఒక్క షరతు అర్థం కాకపోతే మారిషస్ అర్థం కాదు. గవర్నరు ఇంగ్లీషువాడు. భూములూ చక్కెర మిల్లులూ ఫ్రెంచివాళ్ళవి. పని చేసేది ముందు ఆఫ్రికా వాళ్ళు, తరవాత మనవాళ్ళు. గవర్నరుగారు లండన్ నించి వచ్చి, అయిదారేళ్ళుండి, మరో వలసకి బదిలీ అయి వెళ్ళిపోతాడు. ఫ్రెంచి జమీందారు తరాల తరబడి ఇక్కడే ఉంటాడు. గవర్నరు జమీందార్లతో మంచిగా ఉంటే కాలక్షేపం హాయిగా జరుగుతుంది, కాదంటే లండన్‌కి ఫిర్యాదు వెళ్తుంది. నూటయాభై ఏళ్ళపాటు ఇంగ్లీషు గవర్నర్ల కథంతా ఈ ఇరకాటంలోనే నడిచింది.

మొదటి ఇంగ్లీషు గవర్నరు రాబర్ట్ ఫార్కర్ అంతకు ముందు పెనాంగ్‌లో పనిచేసి వచ్చినవాడు. బానిసల వ్యాపారం 1807లోనే చట్టవిరుద్ధమైంది. ఈయన హయాంలో దొంగతనంగా ఓడలు వస్తూనే ఉన్నాయి. చూసీ చూడనట్టు ఊరుకున్నాడని తరవాత ఇంగ్లండు పార్లమెంటులోనే దుయ్యబట్టారు. 1817లో మడగాస్కర్ రాజు రడామాతో ఒప్పందం చేసుకుని అక్కడినించి మనుషుల ఎగుమతి ఆపించిందీ ఆయనే. ఒకే మనిషి ఖాతాలో జమా ఉంది, ఖర్చూ ఉంది.

విలియం నికొలే గవర్నరుగా ఉండగా 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. సుమారు 66 వేలమందికి విముక్తి. నష్టపరిహారం కింద ఇరవై లక్షల పౌండ్లకి పైగా బ్రిటిష్ ప్రభుత్వం చెల్లించింది. ఎవరికి? యజమానులకి. కొరడా దెబ్బలు తిన్నవాళ్ళకి దమ్మిడీ రాలేదు. అప్పటికే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు దిగారు. "స్వేచ్ఛా కార్మికుల"తో చెరకు పండించవచ్చా అని బ్రిటిష్ ప్రభుత్వం చేసిన ప్రయోగం అది. ప్రయోగం "ఫలించింది". మోసాల మీద గగ్గోలు పుట్టి 1838-39లో వలస ఆపేశారు గానీ, 1842లో మళ్ళీ తెరిచారు. 1843లో, విలియం గామ్ గవర్నరుగా ఉండగా, ఒక్క ఏడాదిలోనే 34 వేలమంది దిగారు. 1834 నించి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా లెక్కిస్తే నాలుగున్నర లక్షల పైమాటే.

మనవాళ్ళు ఎందుకెక్కారు ఆ ఓడలు? 1832-33 నందన నామ సంవత్సరపు కరువులో గుంటూరు సీమ వల్లకాడయింది. దాన్నే డొక్కల కరువన్నారు. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని ఊడ్చేసింది. 1866లో గంజాం కరువు, 1876లో ధాత కరువు. గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట 1852కి గాని పూర్తి కాలేదు. తిండి లేని వాడికి మేస్త్రీ వచ్చి "నెలకి అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, బట్ట" అంటే సముద్రం దాటితే కులం పోతుందన్న భయం కూడా వెనక్కి పోతుంది. వచ్చాక తెలిసేది అసలు సంగతి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. జబ్బు చేసినా అంతే. ఎస్టేటు దాటి బయటికెళ్ళాలంటే చీటీ కావాలి.

అన్నట్టు, గామ్ దొర పేరు ప్రపంచమంతా తెలిసింది కూలీల వల్ల కాదు, తపాలా బిళ్ళల వల్ల. 1847 సెప్టెంబరులో ఇక్కడ మొదటిసారి పెన్నీ, రెండు పెన్నీల బిళ్ళలు అయిదేసి వందలు అచ్చువేశారు. వాటిల్లో కొన్ని గవర్నరుగారి భార్య ఇచ్చిన నాట్య విందు ఆహ్వానాల మీద అంటించారు. ఇవాళ అవి ప్రపంచంలోకెల్లా ఖరీదైన తపాలా బిళ్ళల్లో ఉన్నాయి. పోర్ట్ లూయీలో వాటికోసం మ్యూజియమే కట్టారు. దానికి కాస్త దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. కూలీలు ఓడ దిగి పదహారు మెట్లెక్కి పేరు రాయించుకున్న చోటు అది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. రెండూ ఒకే పూటలో చూడవచ్చు. నేను చూసినంతలో మన టూరిస్టులు ఎక్కువసేపు బిళ్ళల దగ్గరే నిలబడతారు.

హెన్రీ బార్క్‌లీ 1863లో వచ్చాడు. 1867లో ఆయన హయాంలో వచ్చిన చట్టం మనవాళ్ళ పాలిట ఉరితాడయింది. ఒప్పందం గడువు పూర్తయిన వాడు కూడా, అంటే చట్టం ప్రకారం స్వేచ్ఛగా బతకవలసినవాడు, ఫోటో అతికించిన టిక్కెట్టు ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. పోలీసు అడిగినప్పుడు చూపించాలి. పోగొట్టుకుంటే డబ్బు కట్టి ఇంకోటి తీసుకోవాలి. లేకపోతే దిమ్మరి కింద జైలు. అదే సమయంలో దీవి అంతటా మలేరియా విజృంభించింది. జ్వరంతో మూలిగేవాడు కూడా టిక్కెట్టు మూట కట్టుకుని మూలగవలసిందే. విదేశంలో ఉంటున్న మనందరికీ కాగితాల బెంగ తెలుసు. వీసా, వర్క్ పర్మిట్, గ్రీన్ కార్డ్, ఇకామా... పేర్లు వేరు. కాకపోతే మన చేతిలో కాగితం లేకపోతే వెనక్కి పంపుతారు. వాళ్ళని వెనక్కి కూడా పంపేవారు కాదు. మళ్ళీ చెరకు తోటలోకే తోలేవారు.

ఇక 1871లో వచ్చిన ఆర్థర్ గోర్డన్ గురించి. ఈ జాబితాలో నన్ను బాగా ఆలోచింపజేసిన గవర్నరు ఈయనే. ఇంగ్లండు ప్రధానమంత్రిగా చేసిన అబర్డీన్ ప్రభువు కొడుకు. ట్రినిడాడ్‌లో గవర్నరుగా చేసి వచ్చాడు. అదే ఏడు అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఒక తెల్లాయన, తానూ తోటల కుటుంబంతో సంబంధం ఉన్నవాడే, ఊరూరా తిరిగి 9,401 మంది పాత కూలీల చేత అర్జీ పెట్టించాడు. పోలీసులు టిక్కెట్ల పేరుతో ఎలా వేధిస్తున్నారో అందులో రాశారు. జమీందార్లు మండిపడ్డారు. ప్లెవిట్జ్‌ని నడివీధిలో కొట్టారు. దేశం నించి బహిష్కరించమని గవర్నరుకి విన్నపాలు పంపారు. గోర్డన్ ఒప్పుకోలేదు. పైగా రాయల్ కమిషన్ వెయ్యమని లండన్‌ని అడిగాడు. 1872లో కమిషన్ వచ్చింది. 1875లో పెద్ద నివేదిక ఇచ్చింది. అర్జీలో రాసింది నిజమేనని తేలింది. 1878లో కూలీల చట్టం మారింది.

ఇంతవరకూ చదివితే గోర్డన్‌కి ఒక దండం పెట్టాలనిపిస్తుంది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1875లో ఆయన ఫిజీకి గవర్నరుగా వెళ్ళాడు. అక్కడి ఆదివాసుల భూములు తెల్లవాళ్ళ పాలు కాకుండా కాపాడాడు, వాళ్ళని తోటపనిలోకి లాగకుండా చూశాడు. మంచిదే. మరి చెరకు ఎవరు కొట్టాలి? ట్రినిడాడ్‌లోనూ మారిషస్‌లోనూ చూసిన పద్ధతినే అక్కడా పెట్టించాడు. 1879 మేలో లియోనిడాస్ ఓడలో మొదటి భారతీయ కూలీలు ఫిజీలో దిగారు. 1903 నించి మద్రాసు వైపు నించీ ఓడలు వెళ్ళాయి. వాటిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1916 దాకా మొత్తం అరవై వేలమంది.

ఆ పద్ధతిలో ఏం జరుగుతుందో లోకంలో అందరికంటే బాగా తెలిసిన గవర్నరు ఆయనే. తెలిసీ తీసుకెళ్ళాడు. దుర్మార్గుడు కాబట్టి కాదు. చట్టాలు సరిగ్గా ఉంటే, పైన మంచి అధికారి ఉంటే, ఈ పద్ధతి బాగానే నడుస్తుందని నమ్మాడు కాబట్టి. తప్పు అక్కడే ఉందని నాకనిపిస్తుంది. మంచి అధికారి మూడేళ్ళుండి బదిలీ అయిపోతాడు. పద్ధతి నలభై ఏళ్ళు ఉంటుంది. మారిషస్ కూలీలు 1871లో అర్జీ పెట్టుకున్నారు గాని, గవర్నరుని మార్చే హక్కు వాళ్ళకి లేదు. అది లేనంత కాలం దొరగారి దయే దిక్కు.

1883లో వచ్చిన జాన్ పోప్ హెన్నెసీ ఐర్లండువాడు. హాంకాంగ్‌లో గవర్నరుగా ఉండగా చైనావాళ్ళ వైపు మాట్లాడి అక్కడి తెల్లవాళ్ళ ఆగ్రహానికి గురైనవాడు. ఇక్కడ "మారిషస్ మారిషస్ వాళ్ళకే" అన్నాడు. 1885లో కొత్త రాజ్యాంగం, 1886లో మొదటిసారి ఎన్నికలు వచ్చాయి. పై అధికారులతో తగువులు పెరిగి 1886 చివర్లో ఆయన్ని కొంతకాలం సస్పెండు కూడా చేశారు. మళ్ళీ నియమించారు. జనం బ్రహ్మరథం పట్టారు. ఏ జనం? దీవిలో మూడున్నర లక్షల పైచిలుకు మనుషులుంటే ఓటర్లు నాలుగు వేల చిల్లర. ఆస్తి ఉండాలి, లేదా మంచి జీతం ఉండాలి. మూడింట రెండొంతుల జనం భారతీయులు. ఓటర్ల జాబితాలో మాత్రం వాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. "మారిషస్ వాళ్ళు" అన్న మాటలో కోరంగి వాళ్ళు ఇంకా చేరలేదన్నమాట. భారతీయుడు మొదటిసారి ఎన్నికల్లో గెలిచింది 1926లో.

చార్లెస్ బ్రూస్ సంగతి వేరు. 1897లో గవర్నరైన ఈయన సంస్కృత పండితుడు. నలోపాఖ్యానాన్ని పరిష్కరించి అచ్చువేయించాడు. లండన్ కింగ్స్ కాలేజీలో సంస్కృతం చెప్పి, ఇక్కడి రాయల్ కాలేజీకి అధిపతిగా వచ్చాడు. 1901 అక్టోబరు ఆఖర్లో గాంధీగారు దక్షిణాఫ్రికా నించి ఇండియా వెళ్తూ ఓడ ఆగడంతో మూడు వారాలు ఇక్కడున్నారు. ఒక రాత్రి ఈ గవర్నరుగారింట అతిథి. నలుడి కథ తెలిసిన దొరా, ఇంకా మహాత్ముడు కాని గాంధీ ఒకే చోట భోంచేశారని తలుచుకుంటే చిత్రంగా ఉంటుంది. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని గాంధీగారు ఇక్కడి భారతీయులకి చెప్పి వెళ్ళారు. ఆయన సలహాతోనే 1907లో మణిలాల్ డాక్టర్ వచ్చి కోర్టుల్లో కూలీల తరఫున వాదించాడు. 1910లో కూలీల రాక ఆగింది. సంస్కృతం వచ్చిన గవర్నరు కూలీల జీవితంలో ఏమైనా మార్చాడా అంటే, చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. మన శ్లోకాలు చదివినంత మాత్రాన మనల్ని చదివినట్టు కాదు.

1937 ఆగస్టులో చెరకు తోటల్లో సమ్మెలు లేచాయి. యూనియన్ ఫ్లాక్ దగ్గర ఎస్టేటువాళ్ళు కాల్పులు జరిపితే నలుగురు పోయారు. ఆ ఏడాది చివర వచ్చిన గవర్నరు బీడ్ క్లిఫర్డ్ మరుసటి ఏడు రేవు కార్మికుల సమ్మెని అణిచాడు. కార్మిక నాయకుడు ఎమ్మాన్యుయెల్ ఆంక్తీల్‌ని రోడ్రిగ్స్ దీవికి ప్రవాసం పంపాడు. 1943 సెప్టెంబరు 27న, డొనాల్డ్ మెకెంజీ-కెనెడీ గవర్నరుగా ఉండగా, బెల్ వ్యూ హారెల్‌లో పోలీసులు కాల్చారు. నలుగురు పోయారు. అందులో అంజలై కూపెన్ నిండు గర్భిణి. ఆవిడ పేరున ఇప్పుడొక స్టేడియం ఉంది.

ఆ మెకెంజీ-కెనెడీ హయాంలోనే, సంప్రదింపుల కమిటీలు, వాదోపవాదాలు అయ్యాక, 1947లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అందరికీ ఓటు ఇవ్వలేదు. ఆస్తి లేకపోయినా ఫరవాలేదు, చిన్న చిన్న వాక్యాలు చదవడం, రాయడం వస్తే చాలన్నారు. ఏ భాషలో? ఇంగ్లీషు, ఫ్రెంచి, క్రియోల్, హిందుస్తానీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ, చైనీస్. ఈ తొమ్మిదింటిలో ఏదైనా సరే.

ఈ జాబితా మొదటిసారి చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కెళ్ళి చూసుకున్నాను. తెలుగు. మద్రాసు రాష్ట్రంలో ఆంధ్రులు తమ రాష్ట్రం కోసం ఇంకా పోరాడుతున్న రోజులవి. పొట్టి శ్రీరాములుగారి నిరాహారదీక్షకి అయిదేళ్ళ ముందు. ఎక్కడో హిందూ మహాసముద్రం మధ్యలో "అమ్మ, ఆవు" రాయగలిగినవాడు పౌరుడయ్యాడు. చెరకు కొట్టి వచ్చిన మనుషులు రాత్రిపూట లాంతరు పెట్టుకుని అక్షరాలు దిద్దారు. గ్రామాల్లో బైఠకాలు బళ్ళయ్యాయి. బసదేవ్ బిసున్‌దయాళ్ అనుచరులు ఊరూరా తిరిగి సంతకం చెయ్యడం నేర్పారు. ఓటర్లు సుమారు 12 వేల నించి 72 వేలకి చేరారు. 1948 ఎన్నికల్లో 19 స్థానాల్లో 11 భారత సంతతివాళ్ళు గెలిచారు. గవర్నరు ముందు టిక్కెట్టు చూపించి గడగడలాడిన తాతల మనవలు గవర్నరు పక్కన శాసనసభలో కూర్చున్నారు. 1959లో వయసొచ్చిన ప్రతివాళ్ళకీ ఓటొచ్చింది.

కాల్పుల సమయంలో గవర్నరుగా ఉన్నవాడూ, తెలుగు అక్షరానికి ఓటు దక్కిన సమయంలో గవర్నరుగా ఉన్నవాడూ ఒకడే. అందుకే గవర్నర్లని మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని రెండు గంపల్లో వెయ్యడం నావల్ల కాలేదు. అంజలై లాంటి వాళ్ళు ప్రాణం పోగొట్టుకోకపోతే కమిటీలు కూర్చునేవా? లండన్‌లో లేబర్ ప్రభుత్వం, ఇండియాలో స్వాతంత్ర్యం రాకపోతే ఆ రాజ్యాంగం అంతదూరం వెళ్ళేదా? దొర సంతకం పెట్టాడు. కలం చేతికిచ్చింది మాత్రం కింద ఉన్నవాళ్ళే.

ఆఖరి గవర్నరు జాన్ షా రెనీ 1962లో వచ్చాడు. 1965 నవంబరు 8న చాగోస్ దీవుల్ని మారిషస్ నించి విడదీసి బ్రిటన్ తన దగ్గరే ఉంచుకుంది. 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. 1968-73 మధ్య అక్కడి జనాన్ని, పదిహేను వందల నించి రెండు వేలమందిని, ఓడలెక్కించి పంపేసి, డీగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కట్టారు. కూలీలని ఓడల్లో తెచ్చిన ప్రభుత్వమే వెళ్తూ వెళ్తూ మరికొందరిని ఓడలెక్కించింది. ఆ వ్యాజ్యం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2019లో విడదీయడం అక్రమమని న్యాయస్థానం అభిప్రాయపడింది. 2025 మే 22న దీవుల్ని తిరిగి ఇచ్చేందుకు రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

స్వాతంత్ర్యం కూడా అందరూ కోరుకున్నది కాదు. 1967 ఎన్నికల్లో నూటికి 44 మంది వ్యతిరేకంగా ఓటేశారు. హిందువుల రాజ్యం వస్తుందని భయపడినవాళ్ళు చాలామంది ఆస్ట్రేలియాకో మరెక్కడికో వెళ్ళిపోయారు. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు రేగితే ఎమర్జెన్సీ పెట్టి బ్రిటిష్ సైనికులని రప్పించారు. రాణిగారి తరఫున రావలసిన రాకుమారి అలెగ్జాండ్రా రాలేదు. మార్చి 12న షాన్ ద మార్స్ మైదానంలో జెండా మారింది. రెనీ కొన్ని నెలలు గవర్నర్ జనరల్‌గా ఉండి వెళ్ళిపోయాడు. శివసాగర్ రామ్‌గులామ్ ప్రధానమంత్రి. ఆయన తండ్రి బీహారు నించి ఓడలో వచ్చినవాడు. 1992లో రిపబ్లిక్ అయింది. మోకా దగ్గర ఫ్రెంచివాళ్ళు 1749లో కట్టిన రెడ్యుయి భవనంలో గవర్నర్లు రెండు శతాబ్దాలు కాపురమున్నారు. ఇప్పుడది రాష్ట్రపతి నివాసం.

ఆ మోకాలోనే మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కూలీల రిజిస్టర్లన్నీ అక్కడే భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చ, కొన్నింటికి ఫోటో. వలస ప్రభుత్వం నిఘా కోసం రాసుకున్న కాగితాలు ఇవాళ మనవలకి వంశవృక్షాలయ్యాయి. తెలుగు మూలాలున్న రచయిత్రి నటాషా అప్పన్నా 2003లో రాసిన మొదటి ఫ్రెంచి నవల ఈ కూలీల మీదే. అప్పన్న అనగానే మనకి సింహాచలం గుర్తొస్తుంది. ఇక్కడ ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకి పూజలు జరుగుతాయి. దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. అమ్మోరు పండగ చేస్తారు. ఉగాదికి ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి.

కానీ ఇళ్ళలో మాట్లాడేది క్రియోల్. బళ్ళో తెలుగు చెప్పే ఏర్పాటుంది, చేరే పిల్లలు తక్కువ. నాకు పరిచయమైన ఒక పంతులమ్మగారు "ఇంగ్లీషు ఉద్యోగానికి, ఫ్రెంచి పేపరుకి, క్రియోల్ ఇంటికి. తెలుగు దేనికి టీచర్ అనడుగుతారండీ పిల్లలు, ఏం చెప్పమంటారు?" అంటారు. హైదరాబాదులో మా అన్నయ్యగారి పిల్లలూ, డల్లాస్‌లో మా చెల్లెలి పిల్లలూ అడుగుతున్నది అదే. 1948లో ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎందుకంటే తెలుగు వస్తే ఓటొచ్చేది. ఇప్పుడు ఏ చట్టమూ తెలుగు రాయమని అడగదు, రాయకపోతే ఏ హక్కూ పోదు. ఈ వ్యాసం రాశాక పంతులమ్మగారికి ఆ తొమ్మిది భాషల జాబితా పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చాను. తరగతి గోడకి అంటిస్తానన్నారు.